పదిహేడు చుక్కలు

మీకు చెప్పుకోకపోతే ఇంకెవరికి చెప్పుకోను? మా ఆవిడకు తెలుసు, మా అమ్మాయికి తెలుసు, తెనాలిలో ఒక పిల్లల డాక్టరమ్మకు తెలుసు. ఇక మీకు.

రెండేళ్ల క్రితం మాట. దీపావళికీ సంక్రాంతికీ మధ్య నెలన్నర పాటు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, నేను బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుని, మా తొమ్మిదేళ్ల పిల్ల ఇన్‌హేలర్‌ని గాలిలోకి ఒక్క నొక్కు నొక్కి బయటికి వచ్చేవాణ్ణి. ఆ ఇన్‌హేలర్ వెనకాల చిన్న కిటికీ ఉంటుంది. లోపల ఇంకా ఎన్ని మోతాదులు మిగిలాయో అందులో అంకె కనిపిస్తుంది. కొత్తగా కొన్నప్పుడు 120. ఆ అంకె తగ్గకపోతే మా ఆవిడకు అనుమానం వస్తుంది. అందుకని నొక్కేవాణ్ణి. మందు పిల్ల ఊపిరిలోకి పోలేదు గానీ అంకె మాత్రం రోజూ తగ్గుతూ వచ్చింది.

ఆ ఏడు దీపావళి రాత్రి మా సత్యనారాయణపురం వీధులు పొగతో నిండిపోయాయి. పదకొండు గంటలకు పాపకు దగ్గు మొదలైంది. ఛాతీ మీద చెవి పెడితే పిల్లికూతలు. రెండేళ్లుగా చలికాలంలో వచ్చిపోతున్నదే, ఈసారి తగ్గలేదు. వారం తరవాత డాక్టరుగారు విని, ఉబ్బసమని చెప్పి రెండు ఇన్‌హేలర్లు రాశారు. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు వాడాలి, బిగుసుకున్న గొట్టాల్ని అప్పటికప్పుడు వదులు చేస్తుంది. రెండోది పొద్దునొకటి, రాత్రొకటి, ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ వాడాలి. అది గొట్టాల లోపలి వాపును తగ్గిస్తుంది. స్పేసర్ అనే ప్లాస్టిక్ డబ్బాకు ఇన్‌హేలర్ తగిలించి నొక్కాలి, పాప నిదానంగా పది శ్వాసలు పీల్చాలి, తరవాత నోరు పుక్కిలించి ఉమ్మాలి. లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది. ఆయన ఓపిగ్గా చెప్పారు. నేను అన్నీ తెలిసినవాడిలా తల ఊపాను. మా ఇంట్లో అన్నీ తెలిసినవాణ్ణి నేనే మరి. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరు ఫ్రిజ్ కొన్నా నన్నే అడుగుతారు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి మనిషి ఎంత దూరమైనా పోతాడు.

మొదటి వారం మందు సక్రమంగానే వేశాను. తరవాత ఒకరోజు అట్టపెట్టెలోని మడత కాగితం విప్పి చదివాను. బ్యుడెసొనైడ్, కార్టికోస్టెరాయిడ్ అని ఉంది. ముందున్న ‘కార్టికో’ నా కంటికి ఆనలేదు. వెనకున్న ‘స్టెరాయిడ్’ ఒక్కటే కనిపించింది. కాళ్లలో వణుకు పుట్టింది.

ఆ మాటంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. 1988లో నేను నాలుగో తరగతి. సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ వంద మీటర్లు 9.79 సెకన్లలో పరిగెత్తాడని ఇంటింటా చెప్పుకున్నారు. మూడు రోజులు తిరక్కుండానే పతకం లాక్కున్నారు. మా నాన్న పేపర్లో ఫొటో చూపించి, ‘దొంగ మందు తిన్నాడ్రా, స్టెరాయిడ్’ అన్నాడు. పసుపు కళ్లు, ఉబ్బిన భుజాలు, తల దించుకున్న మనిషి. ఆ మాట నా మనసులో అలా అచ్చుపడిపోయింది. ఆ మందు పేరు స్టానొజొలాల్ అనీ, అది కండ పెంచే జాతిదనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ తరవాత మా పెద్దమ్మ. కీళ్లనొప్పులకు ఎవరో పొట్లాలు కట్టి ఇచ్చిన పొడి ఏడాది పాటు వేసుకుంది. మొదట్లో మంచం మీంచి లేచి పరిగెత్తినంత పని చేసింది. పోనుపోను ముఖం పున్నమి చంద్రుడిలా ఉబ్బింది, వీపు మీద కొవ్వు పేరుకుంది, తొడలు మాత్రం పుల్లల్లా అయిపోయాయి. పొట్లాలు అయిపోయిన నాలుగో రోజున వాంతులు, నీరసం, బీపీ పడిపోయి ఆసుపత్రిలో పడుకుంది. పొడిలో స్టెరాయిడ్ కలిపారని అక్కడ అన్నారు. ఇక 2021 వేసవిలో అయితే చెప్పనే అక్కర్లేదు. టీవీ పెడితే బ్లాక్ ఫంగస్, హైదరాబాదు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు జనం, స్టెరాయిడ్లు విచ్చలవిడిగా వాడటమే కారణమని చర్చలు. అదే వేసవిలో ఆక్సిజన్ మీదున్న మా బాబాయిని గట్టెక్కించిన మందుల్లో డెక్సామెథసోన్ ఒకటనీ, అదీ స్టెరాయిడేననీ నేను పట్టించుకోలేదు. భయపెట్టేవి గుర్తున్నంతగా బతికించినవి గుర్తుండవు మనకి.

అందుకని పాప మందు ఆపేశాను. మా ఆవిడకు చెబితే డాక్టరుగారిని అడుగుదామంటుంది. అడిగితే నాకు తెలియదని తేలిపోతుంది. వంటింటి హడావిడిలో రెండు పూటలా పఫ్‌లు వేసే పని నాదే కాబట్టి ఎవరికీ తెలియకుండా సాగిపోయింది. పాపకు మాత్రం చెప్పాను. ‘ఈ మందు నీకు మంచిది కాదమ్మా, అమ్మకు చెప్పకు, కంగారు పడుతుంది.’ అది ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి ‘సరే నాన్నా’ అంది. పిల్లలకు మనమీద ఉండే నమ్మకం ఎంత బరువైనదో ఆ ‘సరే’ ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది.

సంగతి తెలియకపోయినా మా అమ్మ కూడా నా పక్షమే. ‘ఆడపిల్ల, ఆ గొట్టం నోట్లో పెడితే అలవాటైపోతుంది, రేపు సంబంధాలొచ్చినప్పుడు ఏం చెబుతాం’ అనేది. జూన్‌లో మృగశిర కార్తెకు హైదరాబాదు తీసుకెళ్లి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు వేయిద్దామంది. నేను సరేనన్నాను. నోట్లో బతికున్న కొరమీను పిల్ల, దానిలో మందు ముద్ద. ఆ ముద్దలో ఏముందని నేను ఒక్క మాటైనా అడగలేదు. ఏముందో పేరు, తూకంతో సహా అచ్చువేసి ఇచ్చినదాన్ని మాత్రం బాత్రూములో వదిలేస్తున్నాను.

ఇంతవరకూ విని, పోనీలే, తండ్రి ప్రేమ అనుకుంటున్నారేమో. రెండో సగం వినండి.

మా బావమరిది పెళ్లి మాఘమాసంలో పెట్టుకున్నారు. నాకప్పుడు నలభై నాలుగు. పెళ్లి ఫొటోల్లో అత్తవారి బంధువులందరి మధ్యా నిలబడాలి, పొట్ట ముందుకొస్తోంది. దసరాకే జిమ్‌లో చేరాను. నెల తిరిగేసరికి, ‘అన్నా, ఇలా చేస్తే వచ్చే దసరాకి కూడా ఏమీ కనపడదు, ఒక సైకిల్ వేసేద్దాం’ అన్నాడు అక్కడి కుర్రాడు. చిన్న గులాబీ రంగు మాత్రలు, పూటకొకటి, ఎనిమిది వారాలు. బిల్లు లేదు, చీటీ లేదు, డబ్బాలో మడత కాగితం లేదు. ఏమిటివి అంటే, ‘సైజ్ కోసం అన్నా, అందరూ వేస్తారు’ అన్నాడు. సైకిల్ అన్నారు, కోర్సు అన్నారు, గేర్ అన్నారు. స్టెరాయిడ్ అన్న మాట మాత్రం ఆ జిమ్‌లో ఎవరి నోటా రాలేదు. రానిదాని గురించి నేనెందుకు భయపడతాను?

నాలుగు వారాల్లో చొక్కాలు భుజాల దగ్గర బిగుసుకున్నాయి. ఆఫీసులో ‘ఏంటి సార్, హీరో అయిపోతున్నారు’ అంటే, లిఫ్టులో అద్దం ఉన్నంతసేపూ దానికేసే చూసుకునేవాణ్ణి. వీపు నిండా మొటిమలు లేచాయి, పదహారేళ్ల వయసు తిరిగొచ్చిందనుకున్నాను. చీటికీ మాటికీ కోపం. ఛాతీ మీద చొక్కా గుండీ తగిలినా నొప్పి. బరువులెత్తడం వల్లేమో అనుకున్నాను. రోజూ రాత్రి బాత్రూములో గడియ పెట్టుకుని, ఒక చేత్తో పాప మందు గాలిలోకి నొక్కి, అదే కుళాయి నీళ్లతో నా గులాబీ మాత్ర మింగి బయటికొచ్చేవాణ్ణి. ఒకే బాత్రూము, ఒకే ఐదు నిమిషాలు.

పాపకు ఆ రోజుల్లో ఆయాసం రాలేదు. చూశావా, మందు లేకుండానే తగ్గింది అని నాలో నేను గెలిచినట్టు మురిసిపోయాను. గొట్టాల లోపల వాపు చప్పుడు చేయకుండా పెరుగుతుందని అప్పటికి తెలియదు.

భోగికి అత్తగారి ఊరు వెళ్లాం. తెనాలికి పన్నెండు కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేపేశారు. మంచు, చలి, వీధి మొగలో ఎత్తుగా పేర్చిన మొద్దులు. పాప నెల రోజుల ముందు నుంచీ అమ్మమ్మ చేత పిడకలు కొట్టించుకుని దండ గుచ్చుకుంది. దండ మంటలో వేసింది, చప్పట్లు కొట్టింది, గాలి ఇటు తిరిగింది, పొగంతా దాని ముఖం మీదికే వచ్చింది. ముందు దగ్గు. తరవాత కూతలు. తరవాత కూతలు కూడా సన్నగిల్లిపోయి, మెడ కింద గుంట లోపలికి పోతూ, డొక్కలు ఎగరేస్తూ, ‘నాన్నా’ అనడానికి ‘నా’ దగ్గర ఆగి ఊపిరి తీసుకుని ‘న్నా’ అంది. నీలం ఇన్‌హేలర్ నాలుగు పఫ్‌లు కొట్టాం, కాస్త తెరిపి, మళ్లీ అదే. మావయ్యగారు కారు తాళాల కోసం పరుగు, అత్తయ్యగారు దిష్టి తీయబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపడం, బావమరిది లుంగీ మీదే డ్రైవింగ్ సీట్లో కూర్చోవడం, పొగమంచులో ఎదురుగా ఎడ్లబండి, హారన్, పాప పెదాలు నీలంగా ఉన్నాయో చలికి అలా ఉన్నాయో తెలియని ఆ పన్నెండు కిలోమీటర్లు. వెనక సీట్లో మా ఆవిడ తమ్ముడితో అంటోంది, ‘రోజూ మందు వేస్తూనే ఉన్నాం రా, ఒక్క పూట మానలేదు, ఎందుకిలా అయింది?’

నేను ముందు సీట్లో కిటికీ బయటికి చూస్తున్నాను. ఉబ్బిన కండలన్నీ నా ఒంటి మీదే ఉన్నాయి, నోరు విప్పే బలం మాత్రం లేదు.

ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 89. నెబ్యులైజర్, ఆక్సిజన్, నోటి ద్వారా ప్రెడ్నిసొలోన్. గంటకు 94 అయింది. డాక్టరమ్మ ఇన్‌హేలర్ చేతిలోకి తీసుకుని వెనక కిటికీ చూశారు. 12. ‘లెక్క సరిగ్గానే ఉందే’ అని, పాపవైపు వంగి, ‘రోజూ వేసుకుంటున్నావా తల్లీ?’ అని అడిగారు.

పాప జవాబు చెప్పలేదు. ముఖం మీద మాస్కు, పైన రెండు కళ్లు. ఆ కళ్లు నావైపు తిరిగాయి. ఏం చెప్పమంటావు నాన్నా అని అడుగుతున్నాయి. ఊపిరాడని పరిస్థితిలో కూడా అది నా రహస్యాన్ని కాపాడుతోంది.

అప్పుడు చెప్పేశాను. బాత్రూము, గడియ, నొక్కడం, అంకె, అన్నీ. మా ఆవిడ ఏమీ అనలేదు. కుర్చీలోంచి లేచి మంచం అవతలి వైపుకు వెళ్లి పాప చెయ్యి పట్టుకుని నిలబడింది, అంతే. తిట్టినా బాగుండేది.

డాక్టరమ్మ కూడా తిట్టలేదు. ఎందుకు ఆపారని అడిగారు. స్టెరాయిడ్ కదా మేడమ్, ఆడపిల్లకు మీసాలూ గట్రా వస్తాయేమోనని, అన్నాను. ఆవిడ మందుల చీటీ తిరగేసి వెనక వైపు చుక్కలు పెట్టారు. ఆరు చుక్కలు కలిపి ఒక గది. పక్కన ఆనుకుని ఇంకో ఆరు మూలల గది, దాని పైన మరోటి, చివర ఐదు మూలల చిన్న గది. గోడలు కలిసి ఉన్నాయి కాబట్టి మొత్తం పదిహేడు చుక్కలు. పాప మాస్కులోంచే ‘ముగ్గు’ అంది.

‘ముగ్గే తల్లీ’ అన్నారావిడ. ‘ఈ పదిహేడు కార్బన్ చుక్కల ముగ్గు ఎందులో ఉన్నా దాన్ని స్టెరాయిడ్ అంటారు. కొలెస్ట్రాల్‌లో ఇదే ముగ్గు. గర్భం రాకుండా వాడే మాత్రల్లో ఇదే. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌లో ఇదే. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే ఎడ్రినల్ గ్రంథులు రోజూ తెల్లవారుజామున ఎక్కువగా వదిలే కార్టిసాల్‌లోనూ ఇదే. చుట్టూ పెట్టే పువ్వులూ తీగలే వేరు. ఆ తీగల్ని బట్టే ఒంట్లో ఏ తలుపు తడుతుందో తేలుతుంది.’

పాప మందు కార్టిసాల్ వైపు చుట్టం. వాపును అణుస్తుంది. బెన్ జాన్సన్ మందు టెస్టోస్టెరాన్ వైపు చుట్టం. కండను పెంచుతుంది. ఇక్కడే నా తల తిరిగింది. కార్టిసాల్ జాతి మందు ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే కండ పెరగదు, కరిగిపోతుందట. పెద్దమ్మ తొడలు పుల్లల్లా ఎందుకయ్యాయో ముప్పై ఏళ్లకు అర్థమైంది. ఒకటి కట్టేది, ఇంకోటి కరిగించేది. నేను రెండింటికీ ఒకే మీసం అతికించాను.

మోతాదు సంగతి ఇంకా ఘోరం. పాప ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. రోజుకు రెండు, అంటే మిల్లీగ్రాములో ఐదో వంతు, అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకి. అది తప్పించినందుకు ఇప్పుడు నోటి ద్వారా రోజుకు 30 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్, ఐదు రోజులు. రెండు మందుల బలమూ ఒకటి కాదు, తూకానికి తూకం పెట్టకూడదని ఆవిడే అన్నారు. అయినా చెంచా కూడా నిండని దాన్ని వద్దని, ఒళ్లంతా తిరిగే దాన్ని బిందెతో తెచ్చి పోసినట్టయింది. ఐదు రోజులే కాబట్టి మెల్లగా తగ్గించుకుంటూ రావలసిన అవసరం లేదనీ, నెలల తరబడి వాడితే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదనీ చెప్పారు. బయటి నుంచి వస్తూ ఉంటే ఎడ్రినల్ గ్రంథులు పని మానేసి నిద్రపోతాయి, లేవడానికి వాటికి టైం కావాలి. పెద్దమ్మ నాలుగో రోజున ఎందుకు పడిపోయిందో అదీ తెలిసింది.

ఆవిడ నా దగ్గర ఏమీ దాచలేదు, అందుకే నాకు గురి కుదిరింది. ఇన్‌హేలర్ ఏళ్ల తరబడి వాడిన పిల్లలు పెద్దయ్యాక ఒక సెంటీమీటరు పొట్టిగా ఉండొచ్చన్నారు. తరవాత చూశాను, 2012లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో అది 1.2 సెంటీమీటర్లు. పాప చూపుడువేలి గోరంత ఎత్తు ఒక వైపు, భోగినాటి ఆ కారు ప్రయాణం ఇంకో వైపు. నాకు ఇక తూకం అక్కర్లేకపోయింది.

‘ఇంతకీ మీసాల సంగతి మీకెవరు చెప్పారు?’ అని అడిగారు చివర్లో. జిమ్ బయట ఎవరో అంటే విన్నానన్నాను. ఆవిడ నా భుజాలు చూశారు, మెడ మీది మొటిమలు చూశారు. ‘మీరేం వాడుతున్నారు?’

ఫోన్‌లో ఆ డబ్బా ఫొటో ఉంది. చూపించాను. మా ఆవిడ అవతలి వైపు నుంచి తలెత్తింది. డాక్టరమ్మ మెల్లగా పేరు చదివారు. మెథాండియెనోన్. 1958లో డయనబాల్ అనే పేరుతో అమెరికాలో అమ్మకానికొచ్చి, అక్కడి బరువులెత్తేవాళ్లు ఎగబడి మింగిన మందు. అసలు సిసలు ఎనబాలిక్ స్టెరాయిడ్. పాప మందులో లేని మీసం నా గులాబీ మాత్రలో ఉంది. ఆడవాళ్లు వాడితే మీసాలు, గొంతు మారడం నిజంగానే వస్తాయట. మగవాళ్లు వాడితే ఒంట్లో ఆ మందు కొంత ఆడ హార్మోన్‌గా మారి రొమ్ములు పెరగడం మొదలవుతుందట. గుండీ తగిలితే నొప్పి ఎందుకో అప్పుడు తెలిసింది. ఆ గదిలో, ఆ ముగ్గురి ముందు.

రక్తపరీక్షలో మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 21 వచ్చింది. నలభై పైన ఉండాలి. కాలేయం లెక్కలు మామూలుకు మూడింతలు. మాత్రలు ఆపాక అసలు కష్టం మొదలైంది. నా ఒళ్లు కూడా పెద్దమ్మ ఒంటి పనే చేసింది, కాకపోతే వేరే కర్మాగారంలో. బయటి నుంచి హార్మోన్ వస్తోందని వృషణాలు పని మానేశాయి. పొద్దున లేవాలంటే నీరసం, దేని మీదా మనసు నిలవదు, ఎందుకో ఏడుపొచ్చేది. మాఘమాసం పెళ్లి ఫొటోల్లో నేను వెనక వరసలో, వదులైన షేర్వాణీలో, కళ్లు గుంటలు పడి ఉన్నాను. మళ్లీ మామూలు మనిషిని కావడానికి ఏడు నెలలు పట్టింది. నాకు తొందరగానే వదిలిందని డాక్టరు అన్నారు. కొందరికి ఏళ్లు పడుతుందట.

ఆ ఏడు నెలల్లో కూర్చుని చదివాను, అంతకు ముందే చదవాల్సినవన్నీ. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్లవాతంతో మంచం పట్టిన ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయికి కార్టిసోన్ సూది వేస్తే కొద్ది రోజుల్లో లేచి నడిచింది. ఆ పనికి హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అనే ముగ్గురికి 1950లో నోబెల్ వచ్చింది. టెస్టోస్టెరాన్‌ను 1935లో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు, ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. రెండు ముగ్గులూ మనిషి గౌరవంగా వేసినవే. మగ హార్మోన్ తక్కువైనవాళ్లకు అదీ మందే. నా పొట్ట మాత్రం జబ్బు కాదు.

మా ఆవిడ మళ్లీ మామూలుగా మాట్లాడటానికి ఎన్నాళ్లు పట్టిందో ఇక్కడ రాయను. అది ఆవిడది.

పాపకు నేను విడిగా క్షమాపణ చెప్పాను. అది పెద్ద మనిషిలా విని, ‘ఇంక అమ్మకు చెప్పకు అనొద్దు నాన్నా’ అంది. పఫ్‌లు ఇప్పుడు వంటింట్లో, అందరి ముందే. అది పది శ్వాసలు తీస్తుంది, నేను వేళ్ల మీద లెక్కపెడతాను, సింకులో పుక్కిలించి ఉమ్ముతుంది. కిటికీలో అంకె వాళ్లమ్మకు తనే తీసుకెళ్లి చూపిస్తుంది.

మొన్న భోగికి మళ్లీ అత్తగారి ఊరు వెళ్లాం. పిడకల దండ గుచ్చింది గానీ తన బదులు మంటలో వేయమని మేనమామ చేతికిచ్చింది. మేమిద్దరం మేడ మీద గదిలో తలుపులు, కిటికీలు బిగించుకుని అద్దంలోంచి చూశాం. పొగ కిందనే సుడి తిరుగుతోంది. మామయ్య దండ పైకెత్తి చూపించి మంటలోకి విసిరాడు. పాప ఊపిరి తగిలి అద్దం మీద ఆవిరి పట్టింది. దాని మీద వేలితో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఆరు, మళ్లీ నాలుగు. నేను పక్కన నిలబడి లెక్కపెడుతున్నాను.